మేం పారేసే మొదటి హీటింగ్

2011 జులైలో నేను నాచారం పారిశ్రామికవాడలోని ఒక మందుల కంపెనీలో స్టెబిలిటీ విభాగానికి సీనియర్ ఎగ్జిక్యూటివ్‌ని. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. విభాగం అంటే నేను, నా కింద ముగ్గురు అనలిస్టులు, బీరువాల్లాంటి నాలుగు చాంబర్లు. తయారైన ప్రతి మందు నమూనానీ నిర్ణీత వేడిలో, నిర్ణీత తేమలో ఉంచి, నెలల లెక్కన బయటికి తీసి, అది ఇంకా అదే మందుగా ఉందో లేదో చూడటం మా పని. ఇలా తీయడాన్ని 'పుల్' అంటాం. నలభై డిగ్రీల వేడి, డెబ్బై ఐదు శాతం తేమ ఉన్న చాంబర్లో ఆరు నెలలు నిలిచిన మందు బయట అల్మారాలో రెండేళ్లు నిలుస్తుందని మా రంగంలో ఒక అంచనా.

ఆ జులైలో ఒక కొత్త మందు తాలూకు మొదటి మూడు బ్యాచీలకు ఆరో నెల పుల్ వచ్చింది. ఒకటి, రెండు బ్యాచీలు బాగున్నాయి. మూడో బ్యాచి ఎక్స్‌రే గీతలో, నున్నగా ఉబ్బి ఉండాల్సిన చోట, సూది మొనలాంటి శిఖరం ఒకటి లేచింది. నమూనా మార్చి మళ్లీ తీయించాను. మళ్లీ లేచింది.

ఆ శిఖరం అర్థం చెప్పాలంటే మందు గురించి కొంత చెప్పాలి. దాని అణువులు వరసగా పేర్చినట్టు ఉంటే అది స్ఫటికం. స్ఫటికంగా ఉంటే నీళ్లలో సరిగా కరగదు, మింగినా ఒంటికి పట్టదు. అందుకని కరిగించి, వరస కుదిరే అవకాశం ఇవ్వకుండా చల్లార్చి, గాజులా చేస్తారు. పటికబెల్లం స్ఫటికం, పల్లీపట్టీలోని పాకం గాజు. రెండూ చక్కెరే. మా మందు అణువులకు వరస తొందరగా కుదరదు; అందుకే కరిగిన మందు నిదానంగా చల్లారినా, గడ్డకట్టవలసిన వేడి దాటి కిందికి దిగాక కూడా ద్రవంగానే ఉంటుంది. దీన్ని అతిశీతల ద్రవం అంటారు. ఇంకా దిగితే ఒక వేడి దగ్గర, లోపలి వరస కుదరకుండానే, గాజులా బిగుసుకుంటుంది. మా మందు విషయంలో ఆ వేడి డెబ్బై ఎనిమిది డిగ్రీలు. బిగుసుకున్నాక అణువులు కదలవని మేమంతా అనుకునేవాళ్లం. నిజానికి చాలా నెమ్మదిగా సర్దుకుంటూనే ఉంటాయి.

మూడో బ్యాచిలో అలా కదిలిన అణువులు కొన్ని వరసలో కూర్చున్నాయి. ఎక్స్‌రే గీతలో గాజు ఉబ్బుగా, స్ఫటికం శిఖరంగా కనిపిస్తుంది; అంటే మందు స్ఫటికంగా మారడం మొదలైంది. దీనికి కారణం రాసి పంపేదాకా తర్వాతి బ్యాచీలు కూడా కదలవు.

ప్రొడక్షన్ మేనేజరు ప్రసాదరావు గారు ఒక్క పూటలో కారణం తేల్చారు. గాజు మందుకు తేమ శత్రువు. తేమ తగిలితే అణువులు వదులై కదులుతాయి. కరిగిన మందును ట్రేల్లో ఆరబెట్టి చల్లార్చే డ్రయర్ నుంచి దించిన మందును సంచుల్లో కట్టేటప్పుడు ఎవరో మూతి వదిలేశారు. ఆ రోజు డ్రయర్ మీద ఉన్నది మల్లేశ్. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. ఇరవై ఏళ్ల అనుభవంలో పదిసార్లకు తొమ్మిదిసార్లు ఆయన చూసిన కారణం తేమే. సోమవారం మల్లేశ్‌కు షోకాజ్ నోటీసు ఇచ్చారు. మూడు వారాల తర్వాతి సోమవారం పదకొండు గంటలకు విచారణ. తప్పు తేలితే ఉద్యోగం ఉండదు. అప్పటిదాకా అతన్ని డ్రయర్ దగ్గరికి రానివ్వకుండా లోడింగ్‌కి వేశారు.

మల్లేశ్ బోడుప్పల్ మనిషి. పదేళ్లుగా ఆ డ్రయర్ నడుపుతున్నాడు. మరుసటి రోజు నమూనాల పెట్టె మోసుకొచ్చే నెపంతో మా ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడం, నేను సంచి మూతి కట్టకుండ ఇడ్చిపెట్టిన అంటున్రు. పదేండ్లల్ల ఒక్కనాడన్న ఇడ్చిన్నా? మీ మిషిన్ల ఏం కనవడ్డది? మిషిన్ గూడ నన్నే అన్నదా?"

మెషీన్ ఎవరి పేరూ చెప్పదన్నాను.

"గట్లయితే జర దాన్నే మంచిగ అడగున్రి," అని పెట్టె దించి వెళ్లిపోయాడు.

మెషీన్‌ని అడగడం నా పనే. ముందు తేమ కొలిచిన కాగితాలు తీశాను. తయారైన రోజున మూడు బ్యాచీల తేమా దాదాపు ఒక్కటే. ప్రసాదరావు గారికి చూపించాను. సీసాలో వేసే తేమ పీల్చే పొట్లం తర్వాత లాగేసి ఉంటుందన్నారు. కొలత తయారైన రోజుది, పొట్లం వేసింది తర్వాత కదా అన్నాను. "నమూనా ఏ సంచిలోంచి తీశారో ఎవరికి తెలుసు?" అన్నారు. కాగితాలు తీసుకుని ల్యాబుకి తిరిగొచ్చాను.

ఇక్కడ నా చదువు గురించి ఒక మాట చెప్పాలి. నేను బీఎస్సీ. పెళ్లయి కృష్ణా జిల్లా నుంచి ఉప్పల్ వచ్చి, తర్వాత పీర్జాదిగూడలో స్థిరపడ్డాను. పై చదువు చదవలేదన్న లోటు నాకు గట్టిగా ఉండేది. ఉప్పల్ రోడ్డులో ఒక ప్రభుత్వ పరిశోధనశాల గ్రంథాలయంలో, పరిచయ ఉత్తరం తెచ్చుకున్న బయటివాళ్లను శనివారాలు కూర్చుని చదువుకోనిచ్చేవారు. పుస్తకం ఇంటికివ్వరు. నేను ఆరేళ్లలో పదకొండు నోటుబుక్కుల నిండా ఎత్తి రాసుకున్నాను. ఇది గొప్పగానే చెప్పుకుంటున్నాను. ప్లాంటులో నన్ను 'లైబ్రరీ మేడం' అనేవాళ్లు. వెక్కిరింపేనని తెలుసు, అయినా నాకు బాగానే ఉండేది. పాత కిటికీ అద్దాలు కిందికి జారి అడుగున మందమవుతాయని నేనూ చాలాకాలం నమ్మాను. అది తప్పని, గాజు నేర్పే పాఠం వేరని చదివింది అక్కడే.

ఆ పాఠంలో ఒక ముక్క గుర్తొచ్చి బుధవారం, నమూనా ఎంత వేడి తాగుతుందో కొలిచే డీఎస్సీ యంత్రం ముందు కూర్చున్నాను. అందులో చిటికెడు నమూనాను చిన్న అల్యూమినియం గిన్నెలో వేసి మెల్లగా వేడి చేస్తారు. గాజు వదులయ్యే వేడి దగ్గర గీత ఒక మెట్టు దిగుతుంది. ఆ మెట్టు ఎక్కడుందో చెప్పడమే పరీక్ష. అయితే మొదటిసారి వేడి చేసినప్పుడు గీత సాఫీగా రాదు. మెట్టు దగ్గర అడ్డదిడ్డంగా ఒక గుట్టో గుంటో వస్తుంది. అందుకని మా పద్ధతిలో ఒకసారి వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడి చేస్తాం. రెండోసారి మెట్టు శుభ్రంగా వస్తుంది. దాన్నే ప్రింటు తీసి ఫైల్లో పెడతాం. పద్ధతి పత్రంలో ఆ వాక్యం ఇలా ఉంది: "నమూనా పూర్వచరిత్రను చెరిపివేయుటకు మొదటి హీటింగ్ జరుపవలెను. దానిని నివేదికలో పరిగణించరాదు." 2006లో ఆ వాక్యం రాసింది నేనే. దేశంలో చాలా ల్యాబులు అలాగే చేసేవి. నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

కానీ మల్లేశ్ ఉద్యోగం వేలాడుతున్నది సరిగ్గా ఆ బ్యాచి పూర్వచరిత్ర మీద. దాన్ని చెరిపేసి మిగిలినదానికి నేను సంతకం పెట్టాను.

అదృష్టం ఏమిటంటే మేం పారేసేది కాగితం మీద మాత్రమే. కంప్యూటరు మొత్తం పరుగును ఒకే ఫైలుగా దాస్తుంది. తయారైన రోజు తాలూకు ఫైళ్లు మూడూ తెరిచి మొదటి హీటింగ్ చూశాను. ఒకటి, రెండు బ్యాచీల్లో మెట్టు అంచున ఇంత లోతు గుంట ఉంది. అక్కడ మందు బోలెడు వేడి తాగిందన్నమాట. మూడో బ్యాచిలో అది లేదనే చెప్పాలి.

వేడి తాగిన బ్యాచీల్లోనే ఏదో లోపం ఉందని, మూడోది అన్నిటికంటే శుభ్రంగా తయారైందని అనుకున్నాను. అంటే తయారీలో తప్పు లేదు, చెడగొట్టింది తర్వాత ఎవరో. ఆ తర్వాత చెయ్యిపెట్టింది మల్లేశే. శుక్రవారం దాకా అదే నమ్మాను. క్వాలిటీ హెడ్ ఖలీల్ గారికి చెప్పడానికి ఒకసారి ఆయన గది దాకా వెళ్లాను కూడా. ఆయన ఫోన్లో ఉంటే తిరిగొచ్చాను. ఆ ఫోను లేకపోతే ఆ రోజే నా నోటితో మల్లేశ్ తప్పు ఖాయం చేసి ఉండేదాన్ని.

శనివారం గ్రంథాలయంలో పాత అధ్యాయం మళ్లీ తెరిచాను. పుస్తకం కిటికీ గాజు గురించి, ప్లాస్టిక్ గురించి రాసింది; మందుల ఊసు లేదు. నేను వాక్యం వాక్యం ఆపుకుంటూ చదివాను. గాజును నిదానంగా చల్లారిస్తే, లేక బిగుసుకునే వేడికి కాస్త కింద చాలాసేపు ఉంచితే, అణువులు సర్దుకుంటాయి. ఆ సర్దుకోవడంలో లోపలి శక్తి కొంత పోతుంది. మళ్లీ వేడి చేసినప్పుడు పోగొట్టుకున్నదంతా తిరిగి తాగాలి. ఆ గుంట అదే. గాఢనిద్రలో ఉన్నవాణ్ణి లేపాలంటే ఎక్కువ కుదపాలి. గుంట పెద్దదైతే గాజు బాగా కుదురుకుందని. గుంట లేకపోతే గాజు ఒక్కసారిగా చల్లారిందని, అణువులు ఎక్కడివక్కడ ఇరుక్కుపోయి, ఇంకా కదిలే ఓపికతో ఉన్నాయని. నేను సరిగ్గా తలకిందులుగా చదివాను. సొంతంగా చదువుకున్నవాళ్లకు ఈ ప్రమాదం ఉంటుంది. తప్పు చదివినా పక్కనుండి సరిదిద్దేవాళ్లు ఉండరు.

సోమవారం పొద్దున లోడింగ్ దగ్గర మల్లేశ్‌ని పట్టుకున్నాను. ఆ రోజు డ్రయర్ ఎలా దించావని అడిగాను.

"బుక్కుల ఉన్నట్టే దించిన మేడం. నలభై డిగ్రీలకు వచ్చినంకనే."

ఎంతసేపట్లో వచ్చింది నలభైకి?

"రోజూ అయితే వేడినీళ్లు బంద్ జేసి ఇడ్చిపెడ్త. దానంతట అదే సల్లారుతది. తెల్లారి ఫస్ట్ షిఫ్టోళ్లు దించుతరు. దమ్ బిర్యానీ లెక్క మేడం. జల్ది మూత తీస్తే మెతుకు ఇరుగుతది. ఇది గూడ జల్ది సల్లార్స్తే ట్రేలల్ల పటపట పగుల్తది."

మరి మూడో బ్యాచికి?

"మర్నాడు బంద్ ఉండె గద. ఎవ్వరు రారు, ఇయ్యాల్నే ట్రేలు ఖాళీ జెయ్యాలె అన్నరు ప్రసాదరావు సారు. బ్రైన్ ఇడ్వుమన్నరు. ముప్పావు గంటల నలభైకి వచ్చింది. దించినం, సంచులల్ల పోసినం. మూతులు నేనే కట్టిన, నా చేతులతోటి."

బ్రైన్ అంటే సున్నాకు దిగువన చల్లగా తిరిగే ఉప్పునీరు. డ్రయర్ అరల్లోకి మామూలుగా వదిలేది కాదు.

ఇది ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"బ్రైన్ పెట్టొద్దని బుక్కుల లేదు. తప్పు గానిదాన్ని ఏమని జెప్పాలె? వాళ్లు అడిగింది సంచి మూతి సంగతి. దానికే జవాబిచ్చిన."

అతను చెప్పింది నిజం. బ్యాచి రికార్డులో ఉన్నది ఒక్కటే: నలభై డిగ్రీలకు తగ్గాక దించవలెను. పది గంటల్లో తగ్గినా, ముప్పావు గంటలో తగ్గినా రికార్డుకు రెండూ సమానం. పదేళ్లుగా మా మందుల్ని కాపాడింది మల్లేశ్ అలవాటు. అది ఏ కాగితంలోనూ లేదు.

ఖలీల్ గారి గదిలో ప్రసాదరావు గారి ముందే ఈ సంగతి చెప్పాను. ప్రసాదరావు గారు బ్రైన్ వదలమన్నది ఒప్పుకున్నారు, అందులో దాపరికం లేదు. కానీ నవ్వారు. "లైబ్రరీ మేడం గారూ, అన్నం తొందరగా ఆరబెడితే తొందరగా పాచిపోతుందా? ప్లాంటు నడపడం కూడా మీ గాజు పుస్తకంలో ఉందా?"

ఖలీల్ గారు నవ్వలేదు. "మీరు జెప్పింది నాకు సగం సమజైంది మేడం. సగం చాలదు, కాయితం గావాలె. ఇంగొకటి. ఈ గీతలు ఫైల్ల పెడ్తె మొదటి సవాలు మీకే వస్తది. ఐదేండ్ల సంది ఎందుకు పారేస్తున్రు అని. సోంచాయించుకోన్రి."

సాయంత్రం దాకా ఆలోచించాను. నేను సంతకం చేసిన నివేదికలు అప్పటికి వందల్లో ఉన్నాయి. ఫైళ్లు మూసేస్తే ఎవరికీ తెలియదు. రెండు వారాల తర్వాత మల్లేశ్ ఉండడు, అంతే. ఆ సాయంత్రమే ప్రయోగానికి అనుమతి కాగితం రాసి, అందులో మొదటి హీటింగ్ గీతలు మూడూ జతచేసి, ఖలీల్ గారి బల్ల మీద పెట్టాను.

ప్రయోగం చిన్నది. ఒకే మందును ల్యాబు ఓవెన్‌లో రెండు పళ్లేల్లో కరిగించాం. ఒక పళ్లేన్ని ఓవెన్‌లోనే వదిలి రాత్రంతా చల్లారనిచ్చాం. రెండోదాన్ని తీసి నేరుగా మంచుగడ్డల మీద పెట్టాం. అది నిజంగానే పటపటమంది. పగిలినది సన్నటి పొడిగా మారి అందువల్లే పాడైందన్న మాట రాకుండా, రెండింటినీ నూరి ఒకే జల్లెడ పట్టి, ఒకే పరిమాణం గింజలు తీసుకున్నాం. మూతలు లేకుండా నలభై డిగ్రీల చాంబర్లో పక్కపక్కన పెట్టాం. మూత లేకపోతే నెలల పని రోజుల్లో తేలుతుంది. పద్నాలుగో రోజు విచారణ.

నాకు కావలసింది నిదానంగా చల్లారిన పళ్లెం నిలవడం, మంచు మీది పళ్లెం పాడవడం. రెండూ నిలిస్తే నేను చెప్పింది కథ. రెండూ పాడైతే తేమే కారణమన్న ప్రసాదరావు గారి మాట నిలుస్తుంది. రోజూ పొద్దున రెండు పళ్లేల నుంచీ చిటికెడు తీసి ఎక్స్‌రే గదికి తీసుకెళ్లేదాన్ని. ఒక్కో నమూనాకు నలభై నిమిషాలు. నాలుగో రోజు రెండూ శుభ్రం. ఏడో రోజు రెండూ శుభ్రం. తొమ్మిదో రోజూ అంతే. ప్రసాదరావు గారు కారిడార్‌లో ఎదురై, "మీ పళ్లేలు ఇంకా పచ్చిగానే ఉన్నాయా మేడం?" అని అడిగారు. మల్లేశ్ మాత్రం ఒక్కసారీ అడగలేదు. పెట్టెలు దించి నా ముఖం చూసి వెళ్లేవాడు.

పన్నెండో రోజు, శనివారం, మంచు మీది పళ్లెం గీతలో ఏదో చిన్న గరుకు కనిపించింది. శిఖరమని సంతకం పెట్టగలిగినంత కాదు. పెట్టలేదు. ఆ శనివారం గ్రంథాలయానికి వెళ్లలేదు. ఆదివారం చాంబరు తలుపు తెరవలేదు. తెరిచిన ప్రతిసారీ లోపలి తేమ చెదురుతుంది, ఆ పద్ధతి రాసిందీ నేనే.

సోమవారం తొమ్మిదిన్నరకు మంచు మీది నమూనా పెట్టాను. పది దాటాక గీత ఆ చోటికి చేరింది. శిఖరం లేచింది. మూడో బ్యాచి శిఖరం ఉన్న చోటే, దానికంటే పొడుగ్గా. అయినా సగం పనే. రెండో నమూనా పెట్టేసరికి పదీ ఇరవై. పదకొండుకు ఐదు నిమిషాలుందనగా ప్యూను వచ్చి అందరూ కూర్చున్నారన్నాడు. గీత ఇంకా అక్కడికి చేరలేదు. చేరింది. దాటింది. ఏమీ లేవలేదు. ప్రింటు చేతికి వచ్చేసరికి పదకొండు దాటింది. ఆ రెండు కాగితాలతో విచారణ గదిలోకి ఆలస్యంగా వెళ్లాను.

గదిలో ఖలీల్ గారు, ప్రసాదరావు గారు, సిబ్బంది విభాగం అధికారి, మల్లేశ్ ఉన్నారు. రెండు గీతలూ, పాత మూడు గీతలూ పక్కపక్కన పరిచాను. పది నిమిషాలు చెప్పాను. ప్రసాదరావు గారు గీతల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. రెండు పళ్లేల తేమ కూడా కొలిచారా అని అడిగారు. కొలిచాం. నిదానంగా చల్లారినది నీళ్లు కూడా తక్కువగా పీల్చిందని చూపించాను. "అయితే తేమ కూడా ఉందన్నమాట," అన్నారు. ఉందన్నాను. ఆ విషయంలో ఆయన పూర్తిగా తప్పు కాదు. తేమ రెండింటికీ తగిలింది, కుదురుకోని గాజు దాన్ని తట్టుకోలేకపోయింది. ఆయన గీతల మీంచి వేలు తీసి, "బ్రైన్ నేనే వదలమన్నాను. అది రాసుకోండి," అన్నారు. ఆ మాట ఆయన అనకపోయినా జరిగిపోయేది. అన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సిబ్బంది అధికారి మల్లేశ్‌ని ఏమైనా చెప్పుకుంటావా అని అడిగాడు. "నేను మొదట్లనే జెప్పిన సార్, మూతి కట్టిన అని," అన్నాడు.

షోకాజ్ వెనక్కి తీసుకున్నారు. మూడో బ్యాచిని ధ్వంసం చేశారు. బ్యాచి రికార్డులో కొత్త నిబంధన చేరింది: వేడినీరు ఆపిన తర్వాత పది గంటలకు తక్కువ కాకుండా చల్లారనివ్వవలెను, బ్రైన్ వాడరాదు, గంట గంటకూ వేడి నమోదు చేసి ఆపరేటర్ సంతకం చేయవలెను. మల్లేశ్ తిరిగి డ్రయర్ దగ్గరికి వెళ్లాక ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. "ఏంది మేడం ఇది? ఇన్నేండ్లు ఊకెనే దమ్ పెట్టిన. ఇప్పుడు దమ్‌కు పది దస్కత్‌లు పెట్టాల్నా?" పెట్టాలి అన్నాను. గొణుక్కుంటూ పెట్టాడు.

ఖలీల్ గారు ముందే చెప్పిన సవాలు నాకు వచ్చింది. ఉన్న సమాచారాన్ని పరిశీలించకుండా వదిలేసినందుకు నా సర్వీసు ఫైల్లో ఒక మెమో చేరింది. అది న్యాయమైనదే. జవాబులో సాకులు రాయలేదు.

పద్ధతి పత్రం నేనే సవరించాను. రెండో హీటింగ్‌లో మెట్టు ఇప్పటికీ శుభ్రంగా వస్తుంది, దాన్నే నివేదించాలి. అందులో తప్పు లేదు. తప్పల్లా మొదటిదాన్ని చూడకుండా వదిలేయడం. వస్తువు గుణం రెండోసారి తెలుస్తుంది, దానికి ఏం జరిగిందో మొదటిసారే తెలుస్తుంది. గుణం అడిగినప్పుడు చరిత్రను చెరపవచ్చు. మనిషి మీద తప్పు మోపేటప్పుడు చెరపకూడదు. పత్రంలో ఇంత రాయలేదు. "మొదటి హీటింగ్ ప్రింటును కూడా ఫైల్లో భద్రపరచవలెను" అని మాత్రం చేర్చాను. ఉద్యోగం మానేదాకా ప్రతి ఫైల్లోనూ మొదటి హీటింగ్ కాగితం కూడా పెట్టాను. దాన్ని చూపించమని తర్వాత ఎవరూ అడగలేదు.